సంతకం జాబితాలో లేదు

అబద్ధాలాడి బతికేవాడి దండం దేవుడికి అందుతుందా? ఏళ్లుగా నన్ను వదలని సందేహం ఇది. రోజూ దీపం పెట్టి, ఆ వెంటనే మారువేషం వేసుకునే ఒక ఏజెంట్ కథ విన్నాక అది ఇంకా ముదిరింది.

వాళ్ల గూఢచారి విభాగంలో కోడ్ పేర్లన్నీ చుట్టరికాలే. చీఫ్ పెదనాన్న. ఈ ఏజెంట్ మరిది. విదేశీ ముఠాలో చేరి రెండు వైపులా కబుర్లు మోసే అందగత్తె వదిన.

ఆ ఉదయం వదిన శవం కాలువలో దొరికింది. పోయేముందు ఆమె మరిదికి ఒక మెమరీ కార్డు, విషయమంతా రాసిన చీటీ పంపింది. ఊరి నీళ్ల ప్లాంటులో పనివాళ్లు వాడే హ్యాండ్‌హెల్డ్‌లు, అంటే చేతి కంప్యూటర్లు, లైనక్స్ మీద నడుస్తాయి. ముఠా వాటి ద్వారా క్లోరిన్ వాల్వులకు ఒక ఆదేశం పంపింది. పదకొండింటికి అన్నీ తెరుచుకుంటాయి. ఊరు తాగేది విషమే. ఆ ఆదేశాన్ని రద్దు చేసే సాఫ్ట్‌వేర్ కార్డులో ఉంది. దాన్ని ఫోర్‌మన్ హ్యాండ్‌హెల్డ్‌లో ఇన్‌స్టాల్ చేయాలి.

పది యాభైకి మరిది సర్వీస్ ఇంజనీర్ వేషంలో పంప్‌హౌస్‌లో ఉన్నాడు. పెన్ను మూతలోంచి కార్డు తీసి ఫోర్‌మన్ హ్యాండ్‌హెల్డ్‌లో పెట్టాడు. ఎర్రర్ వచ్చింది. సాఫ్ట్‌వేర్ మీదున్న డిజిటల్ సంతకం తేదీ ఇంకా రాలేదట. పైన చూస్తే హ్యాండ్‌హెల్డ్‌లో నడుస్తున్నది 1970.

"పొద్దున బ్యాటరీ మార్చాం బాబూ" అన్నాడు ఫోర్‌మన్. "మార్చినప్పుడల్లా అది పుట్టిన రోజుకి పోతుంది. మేం పట్టించుకోం. గోడకి గడియారం ఉందిగా."

తేదీ సరిచేశాడు. ఈసారి లైబ్రరీ అనే అనుబంధ ఫైలు ఒకటి లేదంది. అదీ కార్డులోనే దొరికింది. పది యాభై ఏడుకి తెరమీద ఇంకో ప్రశ్న: సంతకం చేసినవారు నమ్మదగినవారి జాబితాలో లేరు. అయినా ఇన్‌స్టాల్ చేయాలా?

ఫోన్లో పెదనాన్న వద్దన్నాడు. నాలుగేళ్ల కిందట సరిహద్దు ఫైలు అమ్ముకున్నది వదినేనని గుర్తుచేశాడు. వాల్వులు తెరిచేది ఈ సాఫ్ట్‌వేరే కావచ్చన్నాడు. ఊరి మీద ఆశ వదులుకుని బయటికి రమ్మన్నాడు.

మరిది ఎస్ నొక్కాడు.

తెరమీద ఇన్‌స్టాల్ గీత నత్తలా కదిలింది. తొంభై. తొంభై ఆరు. గీత చివరికి చేరుతుండగానే గడియారం పదకొండు కొట్టింది. వాల్వులు ఒక్కసారి వణికి, మూసుకునే ఉండిపోయాయి.

"ఇంత గుడ్డిగా ఎలా నమ్మావురా ఆమెను?" ఫోన్లో అడిగాడు పెదనాన్న.

"ఆ ఫైలు ఆమె అమ్మలేదు పెదనాన్నా. నేనే బస్సులో మర్చిపోయాను. నాకు పిల్లలున్నారని నింద తన నెత్తిన వేసుకుంది."

పెదనాన్న నెమ్మదిగా చెప్పాడు. ముఠా జాబితాలో ఇంకో ఆరు ఊళ్లున్నాయి. అవేవో తెలిసిన ఒక్క మనిషీ పోయింది. ఇక మరిది ఉద్యోగమూ పోతుంది.

"ఆమె పోయాక ఇప్పుడు నీ నిజం నేనేం చేసుకోను?"

"ఆమె రికార్డు సరిచేయండి."

జరిగింది రాసి రెండు కాపీలు పంపమన్నాడు పెదనాన్న. పద్దెనిమిదేళ్ల సర్వీసులో మరిది సొంత పేరుతో సంతకం పెట్టిన మొదటి కాగితం అదే. నాలుగేళ్ల బాకీ అరపేజీలో తీరిపోయింది.