చప్పుడు లేకుండా బిస్కెట్లు

"సార్, మీ ఇల్లు గానీ కూలిపోతోందా?"

ఆన్‌లైన్ క్లాసు చాట్‌లో ఎవరో కుర్రాడు పెట్టిన ఈ ప్రశ్న చూసి జయకృష్ణ పళ్ళు నూరుకున్నాడు. ఇంటర్ పిల్లలకు ఇంటిగ్రేషన్ చెబుతున్నాడు. సరిగ్గా నెత్తిమీద, పై ఫ్లాటులో, ఎవరో దేన్నో దబదబా బాదుతున్నారు. నిన్నా ఇంతే. మొన్నా ఇంతే.

"ఇప్పుడే వస్తాను" అని పిల్లలకు చెప్పి, గబగబా మెట్లెక్కి పై ఫ్లాటు బెల్లు నొక్కాడు.

తలుపు తీసిన అమ్మాయి చేతిలో చపాతీ కర్ర ఉంది. ముక్కు మీద నల్లటి పొడి. ఇతన్ని చూడకముందు నుంచే ఆమె మొహంలో కోపం ఉన్నట్టుంది.

"ఏమండీ, రోజూ పదకొండయ్యేసరికి ఏం దంచుతుంటారు మీరు?"

"బిస్కెట్లు."

"బిస్కెట్లు దంచడమేమిటండీ? కొరుక్కుతినొచ్చుగా!"

"నాక్కాదు. పుడ్డింగ్ మీద చల్లడానికి."

"ఇంట్లో మిక్సీ లేదా?"

ఆమె కళ్ళు మూసుకుని ఓ క్షణం ఆగింది. ఈ ప్రశ్న ఆమెను అడగనివాళ్ళు వాళ్ళుండే పటమటలో లేరు.

"మిక్సీలో వేస్తే పిండైపోతుంది. పుడ్డింగ్ తడికి బురదలా తయారవుతుంది. నాకు పలుకులు కావాలి. ఉప్మా రవ్వ కంటే కొంచెం పెద్దవి. అర్థమైందా?"

"నాకర్థమై ఏం లాభం? కింద నేను క్లాసు చెప్పుకోవాలండీ!"

"పైన నేను ఆర్డరు పూర్తి చేసుకోవాలండీ!"

తలుపు పడింది.

ఆ అమ్మాయి పేరు శాంభవి. బ్యాంకు ఉద్యోగం మానేసి ఇంట్లోనే డెజర్టులు చేసి అమ్ముతోంది. తండ్రి పూర్ణచంద్రరావు రిటైరైన లెక్చరర్. కూతురు ఏం చేసినా రుచి చూసి "బాగుందమ్మా" అంటారు. తల్లి శాంతకుమారికి మాత్రం ఈ వ్యాపారం వచ్చాక వంటిల్లు చేజారిపోయింది. ఎక్కడ చెయ్యిపెట్టినా బిస్కెట్ల పొడి, ఆ పొడి వెనకాలే చీమలు. ఆ ఉదయమే ఆవిడ ఆఖరి మాట చెప్పేసింది.

"ఇంకొక్కసారి నా వంటింట్లో చీమల బారు కనబడిందా, నువ్వూ నీ పుడ్డింగులూ బయటికే. ఉద్యోగం వెతుక్కో."

ఆదివారం స్నేహితురాలు శ్రీదుర్గ నిశ్చితార్థానికి అరవై కప్పులు ఇవ్వాలి. శాంభవికి వచ్చిన మొదటి పెద్ద ఆర్డరు అదే. ఇంట్లో చీమలు, కింద ఈ లెక్కల మాస్టారు!

సాయంత్రానికి మాస్టారికి కోపం తగ్గింది. అంత గట్టిగా మాట్లాడి ఉండాల్సింది కాదనిపించి మళ్ళీ మెట్లెక్కాడు.

"సారీ అండీ. ఇప్పుడు క్లాసు లేదు. కావాలంటే నేనొచ్చి దంచి పెడతాను."

"మీకొచ్చా?"

"మాది చల్లపల్లండీ. మా అమ్మ రోట్లో పచ్చళ్ళు నూరుతుంటే చూస్తూ పెరిగాను."

చూస్తూ పెరగడానికీ చేయడానికీ ఉన్న తేడా మూడో దెబ్బకే తెలిసిపోయింది. బిస్కెట్లు పోసిన ప్లాస్టిక్ కవరు టప్పున పేలింది. పొడి ఫ్రిజ్ కిందికి పోయింది, గ్యాస్ స్టవ్ మీదికి పోయింది, మూత తీసి ఉన్న బియ్యం డబ్బాలోకి పోయింది. హాల్లో పేపరు చదువుకుంటున్న పూర్ణచంద్రరావు గారి బట్టతల మీద కూడా కాస్త పడింది.

శాంతకుమారి గది గుమ్మంలో నిలబడి మొత్తం చూసింది.

"ఎవరు బాబూ నువ్వు?"

"కింద ఫ్లాటండీ, ఆంటీ."

"అయితే కిందికే వెళ్ళు నాయనా."

శాంభవికి ఏడుపొక్కటే తక్కువ. "సాయం చేయమని నేనడిగానా మిమ్మల్ని? హాయిగా లెక్కలు చెప్పుకోక!"

జయకృష్ణ మూలకి నడిచాడు. చీపురు తీసుకుని ఊడవబోయాడు. ఆమె లాక్కుంది. తల దించుకుని దిగిపోయాడు.

మర్నాడు పదకొండింటికి పైనుంచి చప్పుడు లేదు. ఆ మర్నాడూ లేదు.

జయకృష్ణ అప్పటికే తన క్లాసును తెల్లవారుజాముకు మార్చేశాడు. పిల్లలు గోలపెట్టారు. ఒకడైతే దుప్పటి కప్పుకునే లాగిన్ అయ్యాడు. అయినా ఫరవాలేదనుకున్నాడు, పాపం ఆ అమ్మాయి స్వేచ్ఛగా దంచుకుంటుందని. తీరా చూస్తే చప్పుడే లేదు!

పదకొండయ్యేసరికి సీలింగు వంక చూస్తూ కూర్చునేవాడు. తన వల్లే వ్యాపారం మానేసిందా? వాళ్ళమ్మగారు వంటింట్లోకి రానివ్వడం లేదా? అన్నం సహించలేదు. శుక్రవారం ఇక ఉండబట్టలేక పైకెళ్ళాడు. పూర్ణచంద్రరావు గారు తలుపు తీసి, "లోపలుంది, వెళ్ళు" అని నవ్వారు.

శాంభవి వంటింట్లో కింద కూర్చుని ఉంది. ముందు పెద్ద పళ్ళెం, అందులో మడతలు పెట్టిన తువ్వాలు, దాని మీద మందపాటి జిప్ కవరు. బిస్కెట్ల మధ్య క్రీము చాకుతో గీకి గిన్నెలో పెట్టింది. కవర్లో గాలి తీసేసి, చపాతీ కర్రతో నెమ్మదిగా నొక్కుతూ దొర్లిస్తోంది. చిన్న కరకర తప్ప చప్పుడే లేదు. గచ్చు మీద ఒక్క పలుకు లేదు.

"ఏం చేస్తున్నారండీ?"

"కనబడట్లేదా? ఈ టైముకు మీ క్లాసుంటుందిగా. చప్పుడు కాకుండా నలుపుతున్నాను. దంచితే చిటికెలో అయ్యే పని. ఇలా అయితే పూటంతా పడుతోంది. మణికట్టు పడిపోతోంది, తెలుసా!"

జయకృష్ణ నెత్తి కొట్టుకున్నాడు. "ఈ టైములో నాకు క్లాసు లేదండీ బాబూ! మీరు దంచుకుంటారని తెల్లవారుజాముకి మార్చేశాను. నిద్రలేక చస్తున్నాను!"

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఆ మాట నాతో చెప్పొచ్చుగా!"

"మీరు చెప్పొచ్చుగా!"

"చీపురిచ్చి వెళ్ళిపోయిన మనిషికి ఏం చెబుతాను?"

"ఇవ్వలేదు. మీరు లాక్కున్నారు!"

ఇద్దరూ ఒకర్నొకరు కొరకొరా చూసుకున్నారు. ముందు శాంభవికి నవ్వొచ్చింది. పెదాలు బిగించి ఆపుకుందామని చూసింది గానీ కుదరలేదు. కిటికీ బయట వాన మొదలైంది.

"కూర్చోండి. కొట్టారంటే ఊరుకోను. అరచేత్తో నొక్కి, మెల్లిగా దొర్లించాలి. పెద్ద ముక్కలు మధ్యకి తోసుకోండి. కవరు నిండా వేయొద్దు."

అతను బుద్ధిగా దొర్లించాడు. కాసేపయ్యాక తలెత్తకుండానే అన్నాడు.

"మీ చప్పుడు లేకపోతే ఏదోలా ఉందండీ నాకు."

"ఏదోలా అంటే?"

"ఏదోలా అంటే ఏదోలా."

"మాస్టారు కదా, స్టెప్పులు వదిలేస్తే ఎలా?"

జయకృష్ణ కర్ర పక్కన పెట్టాడు. "మీ మీద నాకు బోలెడు విసుగు. అయినా రోజంతా మీ గురించే ఆలోచిస్తున్నాను. మీరంటే నాకిష్టం. ఇక స్టెప్పులు లేవు."

శాంభవి చెవులు ఎర్రబడ్డాయి. "ముందు కప్పులు పూర్తవనివ్వండి" అంది గొణుగుతూ.

"నేనిక్కడే ఉన్నానర్రా" అంది గుమ్మంలోంచి శాంతకుమారి. వంగి గచ్చు మీద అరచెయ్యి రాసి చూసుకుంది. చేతికేమీ అంటలేదు. భర్త వైపు తిరిగి, "వేరే కులం అబ్బాయి. మనవాళ్ళు ఏమంటారో ఏమో!" అంది.

"మనవాళ్ళకి పుడ్డింగ్ పంపిద్దాంలే" అన్నారు పూర్ణచంద్రరావు. "ముందు మనమ్మాయి ఏమంటుందో విననీ."

అమ్మాయి ఏమీ అనలేదు. శనివారమంతా అనలేదు. ఆదివారం కప్పులన్నీ ఫంక్షన్ హాలుకు చేరాయి. జయకృష్ణే వానలో తడుస్తూ అట్టపెట్టెలు మోశాడు. మధ్యాహ్నానికి ఒక్క కప్పు మిగల్లేదు. శ్రీదుర్గకు కాబోయే అత్తగారు శాంభవి ఫోన్ నంబరు అడిగి తీసుకుంది.

హాలు మెట్ల మీద జయకృష్ణ చొక్కా పిండుకుంటూ అడిగాడు. "కప్పులు పూర్తయ్యాయి కదండీ. ఇప్పుడైనా చెబుతారా, లేదా?"

"మీ అమ్మగారికి ఫోన్ చేయండి."

"అదేమిటి? నేనడిగిందేమిటి, మీరు..."

"చేయండి అంటుంటే!"

విసుక్కుంటూనే చల్లపల్లికి కలిపాడు. అవతల సీతారావమ్మ "ఏరా, అన్నం తిన్నావా?" అంటుండగానే శాంభవి ఫోన్ అందుకుంది.

"నమస్తే ఆంటీ..." అని ఆగి, గొంతు సవరించుకుంది. "కాదు, అత్తయ్యగారూ. నా పేరు శాంభవి."

సీతారావమ్మ గొంతు మెట్ల మీద అందరికీ వినిపించేలా వచ్చింది. "కృష్ణా! ఎవర్రా ఈ పిల్ల? ఇంత చక్కగా పిలిచింది!"

జయకృష్ణ ఫోన్ కోసం చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"మీ అబ్బాయి చెప్పలేకపోతున్నాడండీ" అంది శాంభవి, తడిసిన అతని చొక్కా చెయ్యి పట్టుకుని. "వచ్చే ఆదివారం మీరు, మావయ్యగారు మా ఇంటికి రండి. అన్నీ నేనే చెబుతాను."