పోయని సాక

“బంగినపల్లి ఎట్లిస్తున్నవ్?”

“పుల్లటియి అమ్మం.”

కోడ్ సరిపోయింది. జగిత్యాల మామిడి మార్కెట్‌లో తలకు తువ్వాలు చుట్టుకుని కాయలు ఏరుతున్న చీఫ్ రాజయ్య ముందు జమున చీరల మూట దించింది. పదకొండేళ్ల సర్వీసులో ఆమె వేయని వేషం లేదు. ఈసారి సిరిసిల్ల చీరలమ్మే ఆమె.

రాజయ్య కాయ మీది చూపు తిప్పకుండానే బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. “యుద్ధం మొదలై నెలాయె. మన ఆయిల్ ట్యాంకర్లు రెండు మునిగినయ్. బయలెల్లిన రోజే శత్రువుకు ఎరికైతుంది. మూడోది గూడ మునిగితే మన యుద్ధనౌకలు సముద్రంల ఉన్నకాడనే ఆగిపోతయ్.”

“ఆ తేదీ ఎవరికి తెలుసు సార్?”

“ముగ్గురికి. అండ్ల ఒకాయనది కోరుట్ల. కమాండర్ రంజిత్. ఈసారి ఆయనే ట్యాంకరెక్కుతున్నడు.”

తండ్రి తాళ్లెక్కి కల్లు గీసిన ఇంట్లో పుట్టి, రంజిత్ ఆయిల్ కంపెనీలో పెద్ద ఎగ్జిక్యూటివ్ అయ్యాడు. యుద్ధం రాగానే నేవీ అతనికి తెల్ల యూనిఫాం తొడిగి, ఏ నౌకకు ఎక్కడ ఆయిల్ అందాలో చూసుకొమ్మంది. ఊళ్లో తల్లి అంజవ్వ ఒక్కతే ఉంటుంది. ఆమెను కనిపెట్టి ఉండమని డిపార్ట్‌మెంట్ ఎదురింట్లో రాధిక అనే ఏజెంట్‌ను పెట్టింది. చూపు తిప్పుకోనివ్వని అందగత్తె, పైకి బ్యూటీపార్లర్. ఆమె రిపోర్టుల్లో ఎప్పుడూ ఒకటే మాట: అనుమానించాల్సింది ఏమీ లేదు.

కోరుట్లలో రెండు రోజులు తిరిగినా అంజవ్వ ఒక్క చీర కొనలేదు గానీ, జమునకు పూటపూటా అన్నం పెట్టింది. గురువారం పొద్దున ఫోన్ మోగింది. “పైలం అమ్మా, జాగ్రత్త,” అని కొడుకు పెట్టేశాడు. అంజవ్వ గబగబా కల్లు ముంత అందుకుంది.

“ఏడికవ్వా?”

“వాడు పైలం అన్నడంటే నాలుగొద్దులు ఫోన్ రాదు. సముద్రం మీద పోతడు గావచ్చు. పోచమ్మ తల్లి ముంగట కల్లు సాక పోసొస్త. పొయ్యకుంటే నా పానం నిలవది. ఎదురింటి రాధిక తోడొస్తది, ఎప్పటిలెక్కనే.”

రాధిక రిపోర్టుల్లో సాక ఊసే లేదు. మన జీతం తింటూ అవతలివాళ్లకు పని చేస్తోంది! అమ్మవారి ముందు కల్లు పోసిన ప్రతిసారీ సముద్రంలో ఒక ట్యాంకర్ మునిగింది. జమున తలుపు గడియ పెట్టి, దాచకుండా అంతా చెప్పింది.

అంజవ్వ ముంత వదల్లేదు. “పొయ్యకపోతే తల్లి ఊకుంటదా? నాకున్నది ఒక్కడు.”

“నా మాట ఇను అవ్వా. పొయ్యకుంటేనే బతుకుతడు.”

తలుపు చప్పుడైంది. జమున కిటికీ సందులోంచి చూసింది. రాధిక చేతిలో పౌడర్ డబ్బా తెరిచి ఉంది. దాని అద్దం వెనక ట్రాన్స్‌మిటర్ లైటు మినుకుమంటోంది. “అవ్వా! అన్న ఫోన్ జేసిండా?”

అంజవ్వ ముంతను కొంగు కింద దాచి తలుపు కొద్దిగా తీసింది. “ఏడ బిడ్డా! ఇయ్యాల రానే లేదు.” గొంతు ఏమాత్రం తొణకలేదు. రాధిక డబ్బా మూసింది. ట్యాంకర్ క్షేమంగా రేవు దాటింది.

శుక్రవారం మధ్యాహ్నం రాజయ్య ఫోన్ చేశాడు. “ఆయిల్ మొత్తం అందింది. ఆఖర్ల పైపు పగిలి మంట లేసింది. రంజిత్ వాల్వు కట్టేసి రెండు నౌకలను కాపాడిండు. ఆయనే దక్కలే.” వెంటనే ఇంకో మాట చెప్పాడు. “తల్లికి అప్పుడే చెప్పకు. రేపు సాక పోయించు. రాధిక అది జూసి ఖబరిస్తే, ట్యాంకర్ కోసం శత్రువుల సబ్‌మెరీన్ పాత దారికొస్తది.”

“ఇగ భయం లేదు, సాక పొయ్యచ్చు” అని జమున చెప్పగానే, శనివారం పోచమ్మ ముందు అంజవ్వ ముంత ఒంపింది. “నా కొడుకును సల్లగ సూడు తల్లీ.” పక్కనే జమున చేతులు జోడించి నిలబడింది. తోడొచ్చిన రాధిక తిరిగొచ్చి పార్లర్ గుమ్మంలో పౌడర్ డబ్బా తెరిచింది.

సబ్‌మెరీన్ వచ్చింది. నిండా ఆయిల్‌తో కాచుకున్న మన యుద్ధనౌక దాన్ని ముంచేసింది. సాయంత్రం సిరిసిల్ల బస్టాండ్‌లో పారిపోతున్న రాధిక భుజం తట్టి, “చీర గావాల్నా మేడం?” అంటూ జమున చీర మడతలోంచి బేడీలు తీసింది.

ఆదివారం కోరుట్లలో అంజవ్వ ఇంటి ముందు జనం. అంజవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. జమున పక్కన చేరితే తల మీద చెయ్యి వేసింది.

“ఎప్పుడు పోయిండు బిడ్డా?”

“నిన్న పొద్దుమూకి అవ్వా. నువ్వు సాక పోసినంక.”

అంజవ్వ ఆమె ముఖం తన వైపు తిప్పుకుంది. “నేవీవోళ్లు శుక్రారం అని చెప్పిన్రు.”

జమున పక్కకు చూసింది.

“నిన్న నా పక్కన దండం వెట్టినప్పుడు నీకెరికేనా?”

జమున తలవంచుకుని ఏడ్చింది. తల మీది చెయ్యి మెల్లగా లేచిపోయింది.

సోమవారం రిపోర్టు పంపింది: ఆపరేషన్ సక్సెస్. వేషంలో ఉన్న ఏజెంట్ ఎక్కడా దొరికిపోలేదు.