పేజీ వెనక చిరునామా

రెండో మనిషి కూడా మాయమయ్యాడు.

"వారంలో ఇద్దరు," అన్నాడు చీఫ్, ఫైలు టేబుల్ మీద పడేసి. "ఇద్దరూ మన కళ్లద్దాల షాపుకి రావాలి. రాలేదు. ఇవాళ పదకొండింటికి మూడో మనిషి. శత్రువుల లాబ్ నుంచి తప్పించుకున్న శాస్త్రవేత్త. ఆవిడ ముఖం మనలో ఎవరూ చూడలేదు. ఆవిడకి తెలిసింది షాపు పేరూ, కోడ్ మాటా, అంతే. ఫోన్‌లో వెతుక్కుని వస్తుంది."

"అడ్రస్ ఎవరో మార్చుంటారు మావయ్యా."

"ఆఫీసులో సార్."

"మార్చుంటారు సార్."

"వెబ్‌సైట్ రోజుకి మూడుసార్లు నేనే చూస్తున్నాను. బుక్‌మార్క్ నొక్కుతాను, చదువుతాను. అక్షరం మారలేదు." చీఫ్ గొంతు తగ్గించాడు. "కోడ్ మాట నీకూ, నాకూ, ఆవిడకే తెలుసు. షాపులో ఎవరికీ చెప్పకు."

ఏజెంట్ పిచ్చుక తలూపింది. షాపులో ఉండేది ఇద్దరే. ఇద్దరూ మనవాళ్లే. అదే ఆమెకి నచ్చలేదు.

పదిన్నరకి నెరిసిన విగ్గుతో, చేతికర్రతో షాపులో అడుగుపెట్టింది. అందరూ బాబాయ్ అని పిలిచే యజమాని ఒకే అద్దాన్ని నాలుగోసారి తుడుస్తున్నాడు. ఎందుకు? కంప్యూటర్ ముందు నెమలి కూర్చుని ఉంది. శత్రువుల్ని వదిలి మనవైపు వచ్చిన డబుల్ ఏజెంట్. షాపు వెబ్‌సైట్ ఆమె పనే. మనిషి కన్నా ముందు సెంటు వాసన వచ్చి పలకరించింది.

"కూర్చోండి పిన్నిగారూ," అంది నెమలి, తేనె పూసిన గొంతుతో.

పిచ్చుక కూర్చుంది. ఆమె కళ్లజోడు అంచున చిన్న అద్దం ఉంది, వెనక జరిగేది కనిపించేలా. నెమలి గడియారం చూసింది. బాబాయ్ కూడా చూశాడు. ఎవర్ని నమ్మాలి?

అప్పుడు తట్టింది. వచ్చే ఆవిడ దగ్గర బుక్‌మార్క్ లేదు కదా!

పిచ్చుక ఫోన్ తీసి, కొత్త మనిషిలా షాపు పేరు సెర్చ్ చేసింది. పైనే షాపు వివరాల కార్డు వచ్చింది. పేరు సరిగ్గా ఉంది, పనివేళలు సరిగ్గా ఉన్నాయి. అడ్రస్ మాత్రం గోదాముల వీధి. నొక్కి పేజీ తెరిస్తే అక్కడ అసలు అడ్రస్, గడియారం వీధి అనే ఉంది.

పేజీని మనుషులు కళ్లతో చదువుతారు. సెర్చ్ ఇంజిన్‌కి అర్థం కావాలంటే ఇది పేరు, ఇది అడ్రస్ అని పేజీ వెనక చీటీలు అంటించినట్టు రాసిపెట్టాలి. దాన్నే స్ట్రక్చర్డ్ డేటా మార్కప్ అంటారు. ఆ చీటీలు రాసేది నెమలి. చీఫ్ ఎప్పుడూ పేజీ ముందువైపే చూశాడు.

"బాబాయ్, తలుపెయ్యి," అని పిచ్చుక విగ్గు తీసేసింది.

బాబాయ్ చేతిలో అద్దం జారి పగిలింది. అయినా ఒక్క గెంతులో వెళ్లి తలుపేశాడు.

నెమలి బెదరలేదు. నవ్వింది. "ఆ చీటీ దిద్దుకో వదినా. సెర్చ్ ఇంజిన్ తీరిగ్గా వచ్చి మళ్లీ చదివేసరికి రేపవుతుంది. మీ చుట్టానికి ఇంకా పన్నెండు నిమిషాలే."

నిజమే. పిచ్చుక చుట్టూ చూసింది. గోడకి కంటి పరీక్ష చార్టు అట్ట వేలాడుతోంది. లాగి, తిరగేసి, మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో షాపు పేరు రాసింది. కింద బాణం గీసింది.

"ఈవిణ్ణి కనిపెట్టుకుని ఉండు బాబాయ్!"

గోదాముల వీధి మలుపు చేరేసరికి ఊపిరి ఎగిసిపడుతోంది. వీధి లోపల ఒక షట్టర్ మీద అచ్చం అదే పేరుతో బోర్డు. పక్కన తలుపులు తెరిచిన వ్యాన్. ఒక నడివయసావిడ ఫోన్ చూసుకుంటూ అటే నడుస్తోంది.

"రండమ్మా, ఇక్కడే!" వ్యాన్ దగ్గర మనిషి చెయ్యి చాపాడు.

పరుగు చప్పుడుకి ఆవిడ వెనక్కి తిరిగి, పిచ్చుక ఎత్తి పట్టుకున్న అట్టని చూసింది. ఫోన్ చూసింది. మళ్లీ అట్ట. ఇద్దరి మీదా అనుమానమే.

"కుడికన్ను మసకా?" అని అరిచింది పిచ్చుక.

ఆవిడ కాలు వ్యాన్ మెట్టు దాకా వచ్చి ఆగిపోయింది.

"కాదు, ఎడమదే!" అని కోడ్‌కి జవాబిస్తూ పిచ్చుక వైపు ఒక్క పరుగు తీసింది.

మధ్యాహ్నానికి ఆ షట్టర్ వెనక మొదటి ఇద్దరూ దొరికారు, ప్రాణాలతో.

"ఇన్ని గాడ్జెట్లు కొనిపెడితే చివరికి అట్టముక్కా?" అన్నాడు చీఫ్.

"మనుషులకి అదే మార్కప్ సార్."

చీఫ్ ఆ పూటే బుక్‌మార్క్ తీసేశాడు. మర్నాడు పొద్దున్నే మేనకోడలికి ఫోన్ చేశాడు.

"ఆ వెబ్‌సైట్ ఎలా తెరవాలే? ఇంటినుంచే మాట్లాడుతున్నాలే, మావయ్యా అనొచ్చు."