పక్క చానెల్లో ఏడుపు

కొలతమ్మకి నలభై ఆరేళ్ళు. నవ్వొస్తే అరచేత్తో నోరు మూసుకుంటుంది. ఆడపిల్ల నవ్వు గది దాటకూడదని చిన్నప్పుడు పెద్దమ్మ నేర్పిన అలవాటు. ఆ చేతి వెనక నవ్వు పెరిగి పెరిగి, చివర్న ఒక్కసారి గాలి లోపలికి పీల్చుకుంటుంది. "ట్యాంకులో నీళ్ళయిపోయాక మోటారు తిరిగినట్టుంటుందమ్మా నీ నవ్వు" అంటుంది కూతురు.

ఏదీ కొలవందే నమ్మదు కాబట్టి ప్రసార కేంద్రంలో ఆమెకా పేరు. అసలు హోదా సీనియర్ ఇంజనీరు.

ఆ కేంద్రంలో కారిడార్ చివర ఆంప్లిఫయర్ గది ఉంది. దానికి మంచి పేరు లేదు. ప్రసారాలు ముగిశాక అక్కడ ఒక ఆడగొంతు ఏడుస్తుందని చెప్పుకునేవారు. రాత్రి డ్యూటీ మగవాళ్ళు ఒంటేలుకి కూడా జంటగా వెళ్ళేవారు. తెల్లారితే మాత్రం, "ఆడవాళ్ళకి నైట్ డ్యూటీలేంటండీ, జడుసుకుంటారు" అనేవారు.

ఆ గదిలో ఉన్నది ఒకే ఒక్క పెద్ద ఆంప్లిఫయర్. చాలా చానెళ్ళని ఒక్కసారిగా మోస్తుంది. గట్టి శబ్దం వచ్చిందంటే దాని గొంతు బొంగురుపోయి, ఆ బొంగురు పక్క చానెల్లోకి ఒలికిపోతుంది. పక్క చానెల్ అంబులెన్సులది. రోగి ఏ వీధిలో ఉన్నాడో డ్రైవర్లకి వినపడటంలేదని ఫిర్యాదులొచ్చాయి. తెల్లారితే తనిఖీ.

"నీ సెక్షనే కదమ్మా," అన్నాడు పెద్దసారు. "రేపు కేంద్రం మూతపడితే ఎవరి వల్లని అడుగుతారు. నేను అబద్ధం చెప్పలేను."

అందుకే ఆ రాత్రి ఆమె ఒక్కతే ఆ గదికి బయల్దేరింది. టార్చి పట్టుకుని వాచ్‌మన్ గుమ్మందాకా వచ్చాడు.

"లోపలికి రావచ్చుగా బాబాయ్?"

"అది ఆడదెయ్యమట కదమ్మా... మీరూ మీరూ మాట్లాడుకోండి. నేనిక్కడే ఉంటా."

ప్రసారాలు ఆగాయి. రోజూ జరిగేదే — ఆంప్లిఫయర్‌ని ఏరియల్ నుంచి తప్పించి, దాని శక్తినంతా వేడిగా మార్చేసే లోడ్‌కి కలుపుతారు. పరీక్ష కోసం మిషను దానంతటదే ఏదో పాత రికార్డింగ్ వేస్తుంది. అందులో ఏముందో ఎవరూ వినలేదు. అక్కడ మీటర్లు చూసేవాళ్ళే కానీ వినేవాళ్ళు లేరు. పక్క చానెల్‌కి తిప్పిపెట్టిన రిసీవర్ ఒకటి ఎప్పుడూ ఆన్‌లోనే బల్లమీద ఉంటుంది. అందులో ఏమీ వినపడకూడదు.

ఏమీ వినపడలేదు...

ఫ్యాన్ల హోరు. ఆమె ఊపిరి. అంతే...

ఉన్నట్టుండి — "హా... ఆఁ... ఆఁ..."

పీక నొక్కుతుంటే చీలిపోయిన గొంతు. ముక్కలు ముక్కలుగా ఏడ్చి, చివర్న ఒక్క ఎగశ్వాస. ఆగిపోయింది.

ఆమె చేతుల మీద రోమాలు లేచాయి. లేచి పారిపోదామనుకుంది కూడా. రికార్డింగ్ మళ్ళీ మొదటికొచ్చింది. అదే చోట, మళ్ళీ అదే ఏడుపు. ఈసారి ఆమె చూపు ఆంప్లిఫయర్ మీటర్ మీదుంది. ఏడ్చిన ప్రతిసారీ సూది ఎగిరింది.

దెయ్యానికి సూది ఎగరదు. గట్టిగా ఉన్నది ఏదో, పక్కకి ఒలుకుతోంది. అంతే!

బీరువా తెరిచింది. పైఅరలో, దుమ్ములో, ఒక బూడిదరంగు పెట్టె. కొత్తమ్మాయి చేసిన పెట్టె. మూడేళ్ళు పనిచేసినా ఆ పిల్లని అందరూ కొత్తమ్మాయనే పిలిచారు. ఆంప్లిఫయర్ శబ్దాన్ని ఎటు వంచుతుందో కనిపెట్టి, దానికి ఎదురు వంపు ముందే వంచి పంపుతుంది ఆ పెట్టె. రెండు వంపులూ కలిసి తిన్నగా వస్తాయి. మీటింగులో ఆ పిల్ల చెప్పింది. నవ్వారు. నెల తిరక్కుండానే ఉద్యోగం మానేసింది.

కొలతమ్మ పెట్టెని తగిలించింది.

ఏడుపు సన్నబడింది... దారమంత అయింది... తెగిపోయింది.

"అమ్మా..." గుమ్మం దగ్గర గుసగుస. "వెళ్ళిపోయిందా?"

"వెళ్ళిపోయింది బాబాయ్."

కళ్ళు తుడుచుకుంది. కొలవందే నమ్మదు కదా — అసలు చానెల్ ఎంత శుభ్రంగా ఉందో విందామని రిసీవర్‌ని అటు తిప్పింది.

"...ఇప్పుడే దాటిన శబ్దం దీనికి గుర్తుంటుంది సార్. ఆ వేడి ఇంకా ఒంట్లో ఉండగానే తర్వాతది వస్తుంది. అందుకే వంకరగా పలుకుతుంది..."

కొత్తమ్మాయి! గుటక వేయడం కూడా వినపడుతోంది. ఆ రోజు మీటింగులో చేసి చూపించడానికి పెట్టుకున్న మైకు, కట్టేయడం మరిచిపోయారు. ఆ రికార్డింగే మిషన్లో పరీక్షకి ఉండిపోయింది.

"మిషన్‌కి జ్ఞాపకాలా!" పెద్దసారు గొంతు. "అత్తగారి దెప్పులు కూడా గుర్తుంటాయేమో అడగవమ్మా!"

మగవాళ్ళ నవ్వులు. వాటన్నిటి మీదా ఇంకో నవ్వు — గలగలా, గది పగిలేలా. చివర్న నీళ్ళయిపోయిన మోటారు.

ఆమెదే.

ఆ రోజు మొదటిసారి ఆమెకి ముందువరసలో కుర్చీ వేశారు. నవ్వుతూ పెద్దసారు ఆమెవైపు చూశాడు. జీవితంలో ఆ ఒక్కసారే చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

ఇన్నాళ్ళూ కారిడారంతా వణికింది ఆ నవ్వుకే.

అదీ కాదు. ఆ నవ్వు కింద, ఆ రోజు ఆమెకే వినపడనిది ఒకటి ఉంది. ఇప్పుడు శుభ్రంగా వినపడింది, చెవి పక్కనే అన్నట్టు —

"అక్కా... మీరు కూడానా?"

ఆమె చెయ్యి దానంతటదే నోటి మీదికి వెళ్ళింది. లైటు కూడా ఆర్పేసింది. ఎవరు చూస్తారని!

తనిఖీ బాగా జరిగింది. పెద్దసారు బూడిదరంగు పెట్టె మీద చెయ్యి వేశాడు. "ఇదెవరి పని?"

"నేనే అమర్చాను సార్."

అబద్ధం కాదు.

ఆ సాయంత్రం ఆమె రికార్డింగ్‌లోంచి తన నవ్వు ఉన్న ముక్క కత్తిరించేసింది. దానికి ముందున్న మగవాళ్ళ నవ్వులు ఉంచింది. "అక్కా" అన్న పిలుపు ఆ ముక్కతోపాటే పోయింది.