కుముదిని మార్కులు

పరీక్ష మొదలై గంట దాటాక లక్ష్మీప్రసాద్ గుమ్మంలో ఇన్విజిలేటరుని బతిమాలుకుని హాల్లోకి పరుగెత్తుకుంటూ వచ్చాడు. తన చోట్లో కూలబడి, జేబులు తడుముకుని, ముందు బెంచీ అమ్మాయిని మెల్లగా పిలిచాడు.

"ఒక పెన్ను ఉంటే ఇస్తారా?"

కుముదిని తల తిప్పకుండానే పెన్ను వెనక్కి అందించింది. "గంట లేటుగా వచ్చి పెన్ను కూడా తెచ్చుకోలేదేటి? పిక్నిక్‌కి వచ్చారా?"

అతను పెన్ను మూత తీసి రాయడం మొదలెట్టాడు. ఆ పొద్దున ఆస్పత్రిలో తండ్రి బలరాం దగ్గీ దగ్గీ నెత్తురు కక్కాడు. ఇరవై ఆరేళ్లు స్టీల్ ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్ దగ్గర పొగ పీల్చిన మనిషి. డాక్టరు వచ్చి చూసేదాకా ప్రసాద్ కదల్లేకపోయాడు. తర్వాత పవర్‌హౌస్ స్టేషన్‌కి పరుగెత్తి, దొరికిన లోకల్ రైలు పట్టుకుని యూనివర్సిటీ చేరాడు. ఎమ్మెస్సీ మొదటి ఏడాది, ఇనార్గానిక్ కెమిస్ట్రీ పేపరు. అయిదు ప్రశ్నల్లో ఒకటిన్నర రాశాడు. ముందు బెంచీ అమ్మాయి అడిషనల్ షీట్లు మూడుసార్లు అడిగి తీసుకుంది.

బయటికొచ్చాక పెన్ను తిరిగిస్తూ సంగతి చెప్పాడు. ఆమె ముఖం చిన్నబోయింది.

"తెలీక అనేశాను. ఏమీ అనుకోకండి."

"పిక్నిక్ అయితే బాగుణ్ణు," అన్నాడతను.

ఏడాదంతా ఒకే క్లాసులో కూర్చుని, ఒకే లోకల్లో వచ్చి వెళ్లినా వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం అదే మొదలు. ఆమె ఇల్లు స్మృతి నగర్, అతనిది ప్లాంటు కార్మికులుండే క్యాంప్ 2. మిగతా మూడు పేపర్లకీ ఆమె నోట్సు తీసుకుని ఆస్పత్రికే వచ్చేది. వరండా బల్లమీద కూర్చుని ప్రశ్నలడిగేది. జవాబు తప్పయితే పెన్సిల్‌తో అతని మోకాలి మీద కొట్టేది.

"కొడుతున్నారేటి?"

"రిజల్ట్ వచ్చాక మెచ్చుకుంటారు."

జూన్‌లో మొదటి వాన పడేసరికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఒకే గొడుగు కింద స్టేషన్ దాకా నడిచారు. గొడుగంతా ఆమె వైపే వాల్చి, అతను నిలువునా తడిసిపోయాడు. "నీకు గొడుగు పట్టుకోవడం కూడా రాదు," అందామె. ఆ మాటకే వారం రోజులు అతనికి నేలమీద కాళ్లు ఆనలేదు.

ఆగస్టులో రిజల్ట్ అంటించారు. కుముదిని ఇనార్గానిక్‌లో పదకొండు మార్కులతో ఫెయిల్. ఆ కింద నంబరు లక్ష్మీప్రసాద్‌ది. అరవై ఎనిమిది.

అతనికి చూడగానే అర్థమైంది. దిద్దేముందు ఆన్సర్ షీట్ మీద రోల్ నంబరు చింపి కోడ్ నంబరు వేస్తారు. పక్కపక్క నంబర్లు ఎవరి చేతిలోనో తారుమారయ్యాయి.

"అయిదూ రాశాను ప్రసాద్," అంది కుముదిని. "ఎలాగ?"

చెబుదామనుకున్నాడు. ఆస్పత్రిలో రిజల్ట్ కోసం ఎదురుచూస్తున్న తండ్రి గుర్తొచ్చి ఆగిపోయాడు.

సాయంత్రం వార్డులో తండ్రి అడిగాడు. "పాసయ్యాను నాన్నా," అన్నాడు. బలరాం ఆ మార్కుల కాగితం తీసుకుని దిండు కింద పెట్టుకున్నాడు. ఇంజెక్షన్ ఇవ్వడానికి వచ్చిన నర్సులందరికీ తీసి చూపించాడు. "నాన్న ఉన్నన్నాళ్లూ ఆగుదాం," అనుకున్నాడు ప్రసాద్.

కుముదిని రీటోటలింగ్‌కి పెట్టింది. మార్కులు మళ్లీ కూడారంతే, పేపరు ఎవరిదో చూడలేదు; మార్పు లేదని వచ్చింది. ఆమె తండ్రి గురునాథరావు రిటైరైన మనిషి, చెడ్డవాడు కాదు. "చదివింది చాల్లే అమ్మా," అన్నాడంతే. ఆమె సుపేలాలో ఒక చిన్న స్కూల్లో టీచరుగా చేరింది.

ఒకసారి మార్కెట్లో ఎదురైంది. చేతికి సుద్దపొడి, కళ్లకింద నలుపు.

"ఫైనల్ క్లాసులు ఎలాగున్నాయి? బాగా చదువు. నాలా మొద్దువి కాదు నువ్వు," అంది. వెక్కిరింత కాదు, నిజంగానే అంది.

అక్టోబరు చివర్లో బలరాం పోయాడు. కర్మకాండ అయిన మర్నాడు ప్రసాద్ గుండు మీద రుమాలు కట్టుకుని స్మృతి నగర్ వెళ్లాడు. గేటు దగ్గరే నిలబడి అంతా చెప్పాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"రిజల్ట్ చూసినప్పుడే. నాన్న కోసం..."

"నాకు చెబితే ఆగనా?" ఆమె గొంతు పెంచలేదు. "మీ నాన్నగారున్నన్నాళ్లూ నేనే నోరు మూసుకుని ఊరుకుందును కదా. రెండు నెలలు నేను మొద్దునని నేనే నమ్మీసాను ప్రసాద్. అది చూస్తూ ఊరుకున్నావు."

గేటు వేసి లోపలికి వెళ్లిపోయింది.

అతను అట్నుంచటే యూనివర్సిటీకి వెళ్లి అప్లికేషన్ పెట్టాడు. కౌంటర్లో మనోజ్‌కుమార్ అనే క్లర్కు దాన్ని రెండుసార్లు చదివాడు.

"అరే భయ్యా, పద్దెనిమిదేళ్ల సర్వీసులో మార్కులు తగ్గించమన్నవాణ్ణి చూళ్లేదు. ఇంటికెళ్లు."

"అది నా చేతిరాత కాదు. తీసి చూడండి."

అయిదుసార్లు తిరిగాక చూశారు. డిసెంబర్లో కొత్త మార్కుల లిస్టు వచ్చింది. కుముదిని ఫైనల్ క్లాసుకి వెళ్లింది. ప్రసాద్ పేరు అక్కడ కొట్టేశారు. తల్లి తులసమ్మ ఆ కాగితం చూసి మడిచి పెట్టింది. "నాన్న చూడకుండా పోయారు," అంది. అతను ప్లాంటు గేటు దగ్గర ఒక కాంట్రాక్టరు కింద బొగ్గు లారీల చీటీలు రాసే పనికి కుదిరాడు. మసి పట్టిన చేతులు కడుక్కుని మళ్లీ మొదటినుంచీ ఇనార్గానిక్ చదివాడు.

ఆ చలికాలమంతా కుముదిని అతనితో మాట్లాడలేదు. స్టేషన్లో కనబడితే వేరే బోగీ ఎక్కేది.

ఏప్రిల్లో పరీక్ష రాసి బయటికొచ్చేసరికి చెట్టు కింద నిలబడి ఉంది.

"ఎన్ని రాశావు?"

"నాలుగున్నర."

"ఆ అర ఎందుకు పోయింది?"

"టైము చాల్లేదు."

ఇద్దరూ ఒకే బోగీ ఎక్కారు. కిటికీలోంచి వడగాలి కొడుతోంది.

"తన మార్కులు తగ్గించుకున్న కుర్రాడెవరని నాన్న అడిగారు," అంది. "చెప్పాను. ఆదివారం భోజనానికి రమ్మన్నారు."

"నీకు కోపం పోయిందా?"

"లేదు." బయటికే చూస్తోంది. "రెండు నెలలు. అది ఊరికే పోదు. పెళ్లయ్యాక కూడా అప్పుడప్పుడూ వస్తుంది. వచ్చినప్పుడు నువ్వు పడాలి."

సరేనని తలూపాడు. ఒక స్టేషన్ వచ్చి వెళ్లింది. అప్పటికిగాని ఆ మాట అతనికి ఎక్కలేదు. ఏదో అడగబోయాడు. ఈ కబురు వినడానికి తండ్రి లేడన్న సంగతి ముందు గుర్తొచ్చింది. మసి ఇంకా వదలని చేతుల్లో ముఖం దాచుకున్నాడు. తండ్రి పోయాక అతను ఏడవడం అదే మొదటిసారి.

ఎదుటి సీట్లో ఎవరో చూస్తున్నారు. కుముదిని పట్టించుకోకుండా అతని పక్కకి జరిగి కూర్చుంది.

"దిగగానే మీ అమ్మకి చెప్పు," అంది. "ఇదైనా దాచకు."