జర జరుగు అవ్వా

నవనీతకు రెండు విషయాల్లో గర్వం. ఒకటి, ఏ పనినైనా వరస పెట్టి చకచకా ముగించే చేతులు. రెండోది, ఆ చేతులు ఆడుతున్నంతసేపూ ఆగని నోరు. చేతుల వల్ల ఇంట్లో అందరికీ సుఖమే. నోటి వల్ల... సరే, ఆ సంగతికే వస్తున్నాం.

ఆ మధ్యాహ్నం అమరచింతలో మబ్బు కమ్మింది గానీ వాన పడదు, గాలి వీస్తోంది గానీ చెమట ఆరదు. వాకిట్లో వేపచెట్టు కింద బావ నిరంజన్ కారు ఆగి ఉంది. బావది గద్వాల. కారు కిరాయికి తిప్పుతాడు, అదే ఆయన బతుకుదెరువు. సాయంత్రం ఆ కారులోనే వనపర్తి దవాఖానకు పోయి అక్క శైలజను, పసివాణ్ణి పుట్టింటికి తేవాలి. అమ్మ ధనలక్ష్మి అక్కడే అక్క దగ్గర ఉంది.

ఆ పసివాడు మామూలుగా వచ్చినవాడు కాదు. రెండు కాన్పులు నిలవక, మూడోసారి నెలలు నిండకముందే పుట్టాడు. పిడికెడు ప్రాణం. ఇన్నాళ్లూ అద్దాల పెట్టెలో వెచ్చగా పెట్టి కాపాడారు. ఎత్తుకుంటే చేతిలో ఏమీ లేనట్టే ఉన్నాడని అక్క ఏడ్చేది. "బిడ్డ బరువు పెరగాలి. దుమ్ము తగలొద్దు, ఘాటు వాసన తగలొద్దు," అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పి ఇంటికి పంపుతోంది. దాంతో కారు అద్దంలా ఉండాలని పొద్దున్నుంచి అక్క ఫోన్ మీద ఫోన్.

నవనీత కారు తలుపు తీసి ముక్కు మూసుకుంది.

"బావా, ఇది కారా, కోళ్ల గూడా?"

"నీ నోటికి మొక్కుత గని, ఎంతసేపైతదో చెప్పు పిల్లా."

"నువ్వు తుడిస్తే రేపటిదాంక. నేనైతే నువ్వు చాయ్ తాగి గ్లాసు కింద పెట్టేలోపు. దేనికైనా ఒక వరస ఉంటది బావా. ముందుగాల చెత్తంత బయటికి, మ్యాట్లు తీసి గోడ మీదికి. తర్వాత పై కెల్లి కిందికి. పైకప్పు తుడిచినంక అద్దాలు, అద్దాలైనంక సీట్లు. ఇగ ఎనక కెల్లి ముందుకు. డిక్కీ, ఎనక సీటు, ముందటి సీటు, ఆఖరుకు నీ సింహాసనం. అయిపోయిన కాడ తలుపు మూసేసుడే, మళ్ల ముట్టొద్దు. నీ లెక్క ఒక్క పని రెండుసార్లు చేసే ఓపిక నాకు లేదు."

మామూలుగా అయితే నిరంజన్ దీనికి ఒక మాట తిప్పి కొట్టేవాడు. కొట్టలేదు. రాత్రంతా బండి నడిపిన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎనక సీటు జర మంచిగ తుడువు," అన్నాడు అంతే.

డిక్కీ పని ఇట్టే అయిపోయింది. వెనక సీటు సందుల్లో పాత పళ్ల బ్రష్షు పెట్టి గీకుతుంటే తెల్లగా ఏవో రాలాయి. పేలాలు. వాటి వెంట వాడిన బంతిపూల రెక్కలు, ఎండిన తమలపాకు ముక్క. నవనీత చేయి ఆగింది. పేలాలు, బంతిపూలు కలిపి ఎక్కడ చల్లుతారో పాలమూరులో పసిపిల్లకైనా తెలుసు.

"బావా... ఎవరిని తెచ్చినవ్?"

నిరంజన్ వీధి వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"రాత్రి కర్నూలు దవాఖాన కాడ ఆగిన. అలంపూర్ అవతల ఏదో ఊరట. ముసలామె. బండి దొర్కక కొడుకు కాళ్ల మీద పడ్డడు. ఎట్ల కాదంట?"

"పండబెట్టిన్రా?"

"సీట్ల పట్టలే. కొడుకు అటు, కోడలు ఇటు పట్టుకొని నడుమ కూసోబెట్టిన్రు. నెత్తి మీద కొంగు కప్పిన్రు. దారి పొడుగూత నా అద్దంలనే కనవడ్డది." ఎర్రబడ్డ కళ్లు రుద్దుకున్నాడు. "మీ అక్కకు చెప్పకు. తెలిస్తే బిడ్డను పట్టుకొని ఈ బండెక్కదు. ఇంకో బండి కోసం అందరినీ అడిగిన. పెండ్లిళ్ల దినాలు, ఒక్కటి దొర్కలే."

బావ ముఖం చూస్తే నవనీతకు జాలేసింది. జాలేస్తే ఆమెకు తెలిసిన మందు ఒక్కటే.

"నీ డ్రైవింగ్‌కు భయపడకుండ ఇల్లు చేరిందంటే ఆమె సచ్చింది కాబట్టే బావా. పో, జర సేపు పండుకో. నేను చూసుకుంట."

నిరంజన్ లోపలికి పోయి మంచం మీద వాలాడు. నవనీత పాటల కోసం కారు తాళం తిప్పి రేడియో పెట్టింది. ఇంట్లోంచి వైరు లాక్కొచ్చి దుమ్ము పీల్చే మిషన్ ఆన్ చేసింది. గాలికి వేపాకు లోపల పడుతోందని తను కూర్చున్న వైపు తప్ప తలుపులన్నీ మూసింది.

వెనక సీటు నడుమ ఒక గుంట ఉంది. ఎవరో కూర్చుని లేచినట్టు. బ్రష్షుతో రుద్దింది, చేత్తో చరిచింది. గుంట లేవలేదు. పైగా అక్కడ గుడ్డ చల్లగా ఉంది. ఉక్కపోసే కారులో అక్కడొక్కచోటే... నీళ్ల కుండ కింది ఇసుకలాగా.

ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురుకు అడ్డంగా కూర్చున్న ముసలమ్మతో అన్నట్టు, నవనీత నవ్వుతూ అంది.

"జర జరుగు అవ్వా. తుడ్వాలె."

స్ప్రింగు కిర్రుమంది. గుంట మెల్లగా పైకి లేచింది.

"గట్లుండాలె," అని మెచ్చుకుని అక్కడ తుడిచేసింది. సీటు పాతగిలి ఉంటుంది, ఉబ్బింది, అంతే. వెనక తలుపు మూసి ముందుకు వచ్చింది. మళ్లీ ముట్టొద్దు కదా.

ముందటి ఎడమ సీటు. పైకప్పు తుడుస్తుంటే వాసన వచ్చింది. తమలపాకు, పొగాకు, వాటి కింద తడిసిన పాత చీర వాసన. సీసాలోని సబ్బు నీళ్లు ఇంకాస్త కొట్టింది. అప్పుడే మొదలైంది.

టింగ్. టింగ్. టింగ్.

ముందు సీట్లో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే కారు చేసే చప్పుడు అది. నవనీత చూసింది. సీట్లో తడిగుడ్డ కూడా లేదు. గుడ్డ ఆమె చేతిలో ఉంది.

టింగ్. టింగ్.

నవ్వొచ్చింది. అయితే ఆ నవ్వు సగం దాకానే వచ్చింది.

"నువ్వు బెల్టు పెట్టుకోవు, నేను తుడ్వొద్దు... గిదేం ముచ్చట?" గొంతు తనకే సన్నగా వినబడింది. "జరుగు అవ్వా."

చప్పుడు ఆగింది.

ఆగినందుకు ఊపిరి పీల్చుకోవాలో, బిగబట్టాలో తెలియలేదు. అంతలో కరెంటు పోయింది. మిషన్ మూలుగుతూ చల్లారింది. రేడియో ఎప్పుడు ఆగిందో గమనించనే లేదు. మబ్బు ఇంకా కిందికి దిగి, పట్టపగలే కారు లోపల దీపం పెట్టే వేళలా అయింది. మిగిలింది ఒక్కటే, డ్రైవర్ సీటు. స్టీరింగు తుడిస్తే పని అయిపోతుంది. సగంలో వదిలేసే అలవాటు ఆమెకు లేదు. వదిలేసి ఉంటే బాగుండేది.

ఎడమ తలుపు మూసి, చుట్టూ తిరిగి వచ్చి, డ్రైవర్ సీట్లో కూర్చుంది.

సీటు చల్లగా ఉంది.

చల్లగా... మెత్తగా లేదు. ఎగుడుదిగుడుగా ఉంది. తొడల కింద రెండు గట్టి కట్టెల్లాంటివి. వీపుకు ఆనింది కూడా సీటు కాదు. నవనీత కదల్లేదు. చిన్నప్పుడు తన అవ్వ ఒళ్లో కూర్చుంటే సరిగ్గా ఇలాగే, సన్నటి మోకాళ్లు కింద గుచ్చుకునేవి.

ఒడి.

తను కూర్చున్నది ఒకరి ఒళ్లో.

చెవి వెనక తమలపాకు వాసన వేసింది. చాలా మెల్లగా, అలసటగా, ఏమాత్రం కోపం లేకుండా ఎవరో అడిగారు.

"ఇంగ యాడికి జర్గాలె... బిడ్డా?"

తలుపు ఎలా తీసిందో, మట్టిలో ఎలా పడిందో తెలియదు. లేచేసరికి ఎదురింటి లక్ష్మీదేవమ్మ భుజం పట్టుకుని ఉంది. ఊళ్లో ఏ చావుకైనా ముందు ఈ ముసలమ్మకే కబురు పోతుంది. నవనీత పెట్టిన అరుపుకు నిరంజన్ కూడా లేచి పరుగున వచ్చాడు. జరిగిందంతా విని లక్ష్మీదేవమ్మ అడిగింది ఒక్కటే.

"ఎట్ల తుడిచినవే?"

"ఎనక కెల్లి ముందుకు."

"తలుపులు?"

"మూసిన... అయిపోయినయి అయిపోయినట్టు."

"నీ తెలివి సల్లగుండ! శవమెక్కిన బండిని ముందు కెల్లి ఎనకకు తుడ్వాలె. డిక్కీ బార్లా తెరిచి దారియ్యాలె. నువ్వేమో ఎనక దారులన్ని మూసి, ఆ ముసలిదాన్ని జరుపుకుంట జరుపుకుంట తెచ్చి స్టీరింగు కాడ కూసోబెట్టినవ్."

వనపర్తి నుంచి ఫోన్ మోగింది. అక్క. మంచం ఖాళీ చేయమంటున్నారట, బిడ్డను చుట్టి సిద్ధంగా ఉందట, ఎక్కడిదాకా వచ్చారని అడుగుతోంది. నిరంజన్ ఫోన్ చేతిలో పట్టుకుని లక్ష్మీదేవమ్మ వైపు చూశాడు.

"మళ్ల తుడ్వండ్రి," అంది లక్ష్మీదేవమ్మ. "పసుపు నీళ్లతోని, ముందు కెల్లి. ఇగో పిల్లా, నోరు తెరవకు. చావింట్ల కెల్లి వచ్చేటప్పుడు ఎవ్వరికీ చెప్పకుండ వస్తం గద, పోయేటోళ్లను గూడ గట్లనే పోనియ్యాలె. పిలవొద్దు, పలకరియ్యొద్దు, సాగనంపొద్దు."

నవనీత తల ఊపింది. డ్రైవర్ సీటు. ముందటి సీటు. ఈసారీ వరస తప్పలేదు. వెనక సీటు నడుమ గుంట పడింది... మళ్లీ లేచింది. నిరంజన్ పళ్లు బిగబట్టి పసుపు నీళ్లు చల్లుతున్నాడు. డిక్కీ తుడుస్తుంటే కారు వెనక భాగం కొంచెం కుంగింది. తర్వాత, బరువు దిగినట్టు, మెల్లగా పైకి లేచింది. చెట్టు కింద ఎండాకులు నలిగిన చప్పుడు... వీధి వైపు.

అంతా అయిపోయింది. నవనీత గుండెల మీది బండ దిగింది. ఆ చప్పుడు పోతున్న వైపు చూస్తే ఆమెకు ఎందుకో పాపం అనిపించింది. మధ్యాహ్నం నుంచి ఎంత జరిపింది ఆ ముసలి ప్రాణాన్ని! ఇంటికి వచ్చినవాళ్లు గడప దాటుతుంటే ఎప్పుడూ అనే మాటే, నోటికి తెలియకుండానే జారింది.

"పోయిరా అవ్వా..."

లక్ష్మీదేవమ్మ చేతిలో చెంబు ఆగింది.

"ఏమన్నవే?"

"ఏమనలే."

ఆకుల చప్పుడు కూడా ఆగింది.

వనపర్తి నుంచి తిరిగి వస్తుంటే ఆత్మకూరు దగ్గర వాన మొదలైంది. ఇంకా చీకటి పడలేదు, పొద్దు మాత్రం గుంకింది. నిరంజన్ పక్కన నవనీత. వెనక ఒక తలుపు వైపు అమ్మ, ఇంకో తలుపు వైపు శైలజ, ఆమె ఒళ్లో చిన్న మూటలా బిడ్డ. కారు తళతళలాడుతోందని అక్క మెచ్చుకుంది. బిడ్డ మాత్రం దవాఖాన గేటు దాటినప్పటి నుంచి సన్నగా, పిల్లికూనలా ఏడుస్తూనే ఉన్నాడు.

వాన వాసనలో ఇంకేదో కలిసింది. నవనీత అద్దం కొంచెం దించింది. పోలేదు. తమలపాకు.

నిరంజన్ లోపలి అద్దంలోకి ఒకసారి చూశాడు. చెయ్యి ఎత్తి, ఆ అద్దాన్ని పైకప్పు వైపు తిప్పేశాడు.

"బావా..." గుసగుసగా అంది.

"ముందుకు సూడు."

ఆమె వెనక్కే చూసింది. ముగ్గురు పట్టే సీట్లో ఇద్దరే ఉన్నారు. అయినా ఇద్దరూ తలుపులకు అతుక్కుని, భుజాలు ముడుచుకుని కూర్చున్నారు. నడుమ ఖాళీ. ఆ ఖాళీలో గుంట.

నోరు తెరిచింది. ఏమనాలి? జరగమంటే... ఎక్కడికి జరుగుతుంది? జీవితంలో మొదటిసారి నవనీతకు మాట దొరకలేదు. కుట్లు ఇంకా మానని అక్క, బిడ్డను హత్తుకుని, నొప్పికి కాళ్లు కదిపింది.

"అమ్మా, ఇరుకైతుంది. జర జరుగు."

"అక్కా, అనొద్దు..."

"ఇంగ యాడికి జర్గాలె బిడ్డా?" అంది అమ్మ విసుగ్గా. "డోరుకే అతుక్కున్న గద."

స్ప్రింగు కిర్రుమంది. నడుమ గుంట మెల్లగా పైకి లేచింది.

బిడ్డ ఏడుపు ఆగిపోయింది.

వాన చప్పుడు ఒక్కటే. శైలజ ఒళ్లోకి వంగి చూసుకుంది. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, ఇన్నాళ్లకు మొదటిసారి నవ్వింది.

"అమ్మా, దేవుడు సూసిండే... ఎత్తుకుంటే చేతులు గుంజుతున్నయ్. ఒక్కసారే ఎంత బరువైండో సూడు!"