ఎనిమిదో కాలు

మా ముందు గదిలో రెండు మంచాలు వేస్తే ఇక నడవడానికి జాగా ఉండదు. అందులోనూ సగం దూది సంచులే. "ఈ ఇంట్లో నాకంటే దూదికే మర్యాద ఎక్కువ" అనేవాడు మా ఆయన, డ్యూటీ దిగి వచ్చి కాళ్ళు చాపుకోవడానికి చోటు వెతుక్కుంటూ. బస్సు కండక్టరు. రోజంతా నిలబడే ఉద్యోగం.

నేను క్రోషే సూదితో బొమ్మలు అల్లి, లోపల దూది కూరేదాన్ని. అరచేతిలో పట్టే ఏనుగులు, కుందేళ్ళు, తాళంచెవులకు తగిలించుకునే చేపలు, ఆడపిల్లల జడలకి పూలు. సరదాకి మొదలుపెట్టింది కాదు. రెండేళ్ళ కిందట నాకు పాప పుట్టి పోయింది. పుట్టి పోయిందనడం కూడా తప్పే. పోయే పుట్టింది.

ఆ రోజు నా చెయ్యి పట్టుకుని నిలబడిన నర్సుని ఆసుపత్రిలో అందరూ పెద్ద సిస్టర్ అంటారు. ఆర్నెల్ల తర్వాత ఆవిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"నెలలు నిండకుండా పుట్టినవాళ్ళని అద్దాల పెట్టెలో పెడతాం కదమ్మాయ్. వాళ్ళు ఊరికే ఉండరు. ముక్కులో గొట్టాలు పీకేసుకుంటారు. చేతికి పట్టు దొరికితే ఊరుకుంటారు. నువ్వు ఆక్టోపస్ బొమ్మ అల్లగలవా? దాని కాళ్ళు మెలికలు తిరిగి బొడ్డుతాడులా ఉంటాయి. పసివాళ్ళు అది పట్టుకుని, ఇంకా అమ్మ కడుపులోనే ఉన్నామనుకుంటారు."

నేను నా చేతులకేసి చూసుకున్నాను.

"చేతులు ఖాళీగా ఉంచుకోకు" అని దారం ఉండలు నా ఒళ్ళో పెట్టి వెళ్ళింది.

అలా అల్లాను. తల, దాని కింద ఎనిమిది కాళ్ళు. వేడినీళ్ళలో ఉడికించి, ఆరబెట్టి పంపేదాన్ని. అవి పట్టుకుని నిద్రపోయే పిల్లల సంగతులు ఆవిడ ఫోన్‌లో చెబుతుంటే నాకూ అన్నం సయించడం మొదలైంది.

మొన్న వానల్లో ఒక మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేసింది.

"చిటికెడు పిల్ల. కిలో కూడా లేదు. పొద్దుట్నుంచి రెండుసార్లు గొట్టం పీకేసింది. సాయంత్రానికి ఒకటి కావాలి."

ఇంట్లో దారం అయిపోయింది. వీధిలో మోకాలి లోతు నీళ్ళు, దుకాణాలన్నీ మూసేశారు. ఉన్నది ఒక్కటే. ట్రంకు పెట్టె అడుగున, నా పాప కోసం కడుపుతో ఉన్నప్పుడు అల్లిన లేత పసుపు దుప్పటి. పారెయ్యమని అందరూ అన్నారు. పారేశానని చెప్పాను.

ఒక మూల విప్పాను. అంతే, ఒక్క మూల. ప్రాణం కాపాడే పనే కదా అనుకున్నాను. ఆ దారంతో అల్లి, ఉడికించి, ఇస్త్రీ పెట్టెతో తడి ఆర్చి, మా ఆయనకిచ్చి పంపాను.

మర్నాడు పెద్ద సిస్టర్ గొంతులో సంతోషం. "బంగారు తల్లి! బొమ్మ కాలు పట్టుకుందా, ఇక కిక్కురుమంటే ఒట్టు."

వారం తర్వాత, "బరువు పెరిగింది" అంది. నెల తర్వాత, "అంతా బాగానే ఉంది గానీ... ఏడవదమ్మాయ్. సూది గుచ్చినా ఏడవదు" అంది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆవిడ ఫోన్ చెయ్యలేదు.

ఇక ఆ రోజు సంగతి.

మళ్ళీ వాన. నాలుగింటికే దీపాలు పెట్టేంత చీకటి. కరెంటు పోయింది. మా ఆయన ఇంకా రాలేదు. నేను కిటికీ దగ్గర కూర్చుని కుందేలు చెవి కుడుతున్నాను. చూరు నీళ్ళు బకెట్‌లో పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు తలుపు మీద ఎవరో అరచేత్తో తట్టారు. మెల్లగా... ఒక్కసారే.

"ఎవరూ?"

"అక్కా... నేను. అద్దాల పెట్టెలో పిల్ల తల్లిని."

నేనామెను ఎప్పుడూ చూడలేదు. తలుపు తీస్తే ఇరవై రెండేళ్ళుంటాయేమో, నిలువునా తడిసిన పిల్ల. కాళ్ళకి చెప్పుల్లేవు. చేతుల్లో తువ్వాలు చుట్టిన పాప.

"ఇంటికి పంపించేశారక్కా. పెద్ద సిస్టర్ మీ వీధి పేరు ఓసారి చెప్పింది. గుర్తుపెట్టుకున్నా."

లోపలికి తీసుకొచ్చి పొడి గుడ్డ ఇచ్చాను. కొవ్వొత్తి వెలిగించాను. పాప కళ్ళు మూసుకుని ఉంది. పిడికిట్లో నా బొమ్మ.

"ఇది పట్టుకున్న రోజు నుంచి నా పిల్ల ఏడవలేదక్కా. నా దగ్గర పాలు తాగలేదు. నా వైపు తలే తిప్పదు. నేను కన్నతల్లినని దానికి తెలీడం లేదు. ఈ బొమ్మ తీసెయ్యక్కా. నాకు చేతకావడం లేదు. వేళ్ళు విడవటం లేదు."

నేను పాపని ఎత్తుకున్నాను. చల్లగా ఉంది. వానలో వచ్చింది కదా అనుకున్నాను. వేళ్ళు విప్పబోతే నిజంగానే రాలేదు, కొయ్యలా బిగుసుకున్నాయి. తువ్వాల్లోంచి ఒక వాసన... బాలింత గదిలో ఉండే వెచ్చటి వాసన. ఆ చల్లటి ఒంటికీ ఆ వాసనకీ పొత్తు కుదరలేదు.

అప్పుడు పాప తల కదిలింది. నా వైపు తిరిగింది. నా రొమ్ము మీద ముక్కు ఆనించి... ఆగింది.

నా జాకెట్ తడిసింది. రెండేళ్ళ కిందట మాత్రలు మింగి ఎండగట్టుకున్న పాలు.

ఆ తల్లి చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను.

"తీసెయ్యక్కా" అంది చివరికి. "నీకు దణ్ణం పెడతా."

వేళ్ళు విడవనప్పుడు బొమ్మనే విప్పాలి. పాపని ఆమె ఒళ్ళో పడుకోబెట్టి, బొమ్మ అడుగున చివరి ముడి వెతికి కత్తిరించాను. దారం లాగాను. క్రోషే అల్లిక అంతే. నెల్లాళ్ళు అల్లినా నిమిషంలో ఊడిపోతుంది. ఒక కాలు ఊడింది. రెండో కాలు. మూడోది...

నాలుగో కాలు ఊడుతుంటే పాప గొంతులో ఎక్కిలి లాంటి చప్పుడు.

"విన్నావా!" అంది తల్లి గుసగుసగా.

ఐదు... ఆరు... దారం నా చేతికి తడిగా తగులుతోంది. వెచ్చగా. ఏడోది ఊడేసరికి పాప నోరు తెరిచింది. నాకెందుకో ఆపాలనిపించింది. వేళ్ళు దారం మీద ఆగాయి.

"ఆపకక్కా... ఆపకు..."

ఎనిమిదోది పిడికిట్లో ఉన్న కాలు. లాగాను. మెలిక తర్వాత మెలిక, ఆ వేళ్ళ మధ్య నుంచి జారి వచ్చింది. చివరి పోగు వచ్చేసింది. పిడికిలి విడింది.

పాప ఏడ్చింది.

గొంతు చించుకుని ఏడ్చింది. ప్రసవమైన ప్రతి ఆడదీ వినే మొదటి ఏడుపు. రెండేళ్ళ కిందట ఆ గదిలో దానికోసమే చెవులు రిక్కించి పడుకున్నాను. నా ఒళ్ళంతా ఆ ఏడుపు వైపు లేచింది.

"నా పిల్ల ఏడ్చింది! నా తల్లి ఏడ్చింది!" ఆమె నవ్వుతూ, ఏడుస్తూ పాపని గుండెకి హత్తుకుంది. పాలిచ్చింది. పాప తాగింది. గుటకలు నాకు వినిపించాయి. ఉండమన్నా ఉండలేదు. "నీ కడుపు చల్లగుండాలక్కా" అంటూ ఆ వానలోనే వెళ్ళిపోయింది.

నేను చిక్కుపడిన దారం ముందు కూర్చుండిపోయాను. ఎంతసేపో తెలీదు. ఫోన్ మోగింది.

"అమ్మాయ్, నీ దగ్గరికి ఎవరైనా వచ్చారా?" పెద్ద సిస్టర్ రొప్పుతోంది. "ఆ పసుపు బొమ్మ పిల్ల తల్లి. కాగితాలు రాసేలోపు పిల్లని తీసుకుని ఎటో వెళ్ళిపోయింది."

"పంపించేశారని చెప్పిందే..."

"ఎక్కడికి పంపుతాం? మధ్యాహ్నం రెండింటికి పిల్ల పోయింది. నేనే దాని కళ్ళు మూశాను."

ఫోన్ ఎప్పుడు కింద పెట్టానో తెలీదు. పోయిన పిల్ల నోట నేను విన్న ఏడుపు ఎవరిది? అది ఎవరిదో నా ఒంటికి తెలుసు. నా పాపని నేనే చేతులారా విప్పి, పరాయి చేతుల్లో పెట్టి పంపించాను.

మా ఆయన రాగానే తాళం వేసి ఇద్దరం వెతకడానికి వెళ్ళాం. నాలుగు వీధులు తిరిగాక బస్టాప్ బెంచీ మీద కనిపించింది. ఒంటరిగా. తువ్వాలు మడతపెట్టి పక్కన పెట్టుకుంది. మొహం తేటగా ఉంది.

"పాప ఏదమ్మా?" అన్నాడు మా ఆయన.

ఆమె ఆయన్ని చూడలేదు. నన్ను చూసి నవ్వింది.

"అప్పుడే వచ్చేశావేంటక్కా? నిద్రపోయిందా?"

"నేనా?"

"ఇందాక నువ్వేగా వచ్చి తీసుకెళ్ళావు. పాపకి ఆకలేస్తోందన్నావు..."

పక్కన టీ కొట్టు ముసలాయన గ్లాసులు కడుగుతూ తలెత్తాడు. "అవునమ్మా, మీరే. గొడుగు లేదు గానీ చుక్క తడవలేదు. అప్పుడే అనుకున్నా ఇదేంటని."

నా భుజం మీదున్న మా ఆయన చెయ్యి మెల్లగా జారిపోయింది.

పోలీసులు వచ్చారు. ట్రంకు పెట్టెలు తీశారు, దూది సంచులు కోశారు. ఏమీ దొరకలేదు. మా ఆయన ఇప్పుడు వాళ్ళ అన్నయ్య ఇంట్లో ఉంటున్నాడు. ఎప్పుడైనా వస్తే గుమ్మం దాటడు. "ఎక్కడ పెట్టావు? ఒక్క మాట చెప్పు" అంటాడు. తెలీదంటే తల దించుకుని వెళ్ళిపోతాడు. నేనిప్పుడు సూది పట్టడం లేదు.

పాలు ఆగడానికి డాక్టరమ్మ మాత్రలు రాసింది. ఆగలేదు. రోజూ పొద్దుగూకేసరికి రొమ్ములు రాళ్ళలా బిగుసుకుంటాయి. ముట్టుకుంటే ప్రాణం పోతుంది. తలుపులు, కిటికీలు అన్నీ గడియ పెట్టి పడుకుంటాను.

తెల్లారి లేచేసరికి... నొప్పి ఉండదు.